క్షేమమైన వేగము ఏది?



అమెరికా దేశపు ఉత్తరపు కొనయందలి అలాస్కాలో డాల్టన్ రహదారి అను బాట కలదు. చమురు బావులకు సామగ్రిని చేరవేయుటకై 1974లో దీనిని నిర్మించిరి. పొడవు 666 కిలోమీటర్లు. చాలా భాగము కంకర బాటయే. కోల్డ్‌ఫుట్ అను మజిలీ దాటిన పిమ్మట 386 కిలోమీటర్ల మేర పెట్రోలు గాని, మరమ్మతు గాని దొరకదు.

అచట గరిష్ఠ వేగము గంటకు 80 కిలోమీటర్లు. అది హద్దే గాని, ఎల్లవేళల పోవలసిన వేగము కాదు. బాట ఖాళీగా నున్నది గదా యని తొందరపడరాదు. ఖాళీ బాటయనగా ఆపదలో ఆదుకొనువారు లేని బాటయని గ్రహింపవలెను.

80 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 22 మీటర్లు సాగును. అపాయమును చూచి కాలు బ్రేకుపై మోపులోగానే అంత దూరము గడచిపోవచ్చును. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. కంకరపై చక్రములు జారును. మంచుగడ్డపై మరింత జారును.

ఆ ప్రాంతమున మూస్ అను పెద్ద దుప్పి తిరుగాడును. కారు దాని పొడవాటి కాళ్లకు తగిలినచో, బరువైన శరీరము ముందు అద్దముపై వచ్చి పడును. ఎదురు లారీల చక్రముల క్రిందినుండి రాళ్లెగురును. దుమ్ము లేచి బాట మరుగగును. అందుకే అచట పగలు సైతము దీపములు వెలిగించి నడుపుదురు.

కావున సూత్రమిది: కంటికి కనబడు బాటలోపల బండిని ఆపగల వేగమే క్షేమమైన వేగము. బాట ఇరుకైనచో అందులో సగము దూరములోనే ఆపగలుగవలెను. మలుపు, మిట్ట, దుమ్ము, పొగమంచు ఎదురైనప్పుడెల్ల వేగము తగ్గవలెను.

ఇందువలన కాలము వృథా యగునా? 386 కిలోమీటర్లను 80 వేగమున సుమారు 5 గంటలలోను, 60 వేగమున 6 గంటలన్నరలోను చేరవచ్చును. మిగులునది గంటన్నర మాత్రమే. బండి బోల్తాపడినచో, సహాయము అందుటకే అంతకంటె ఎక్కువ కాలము పట్టవచ్చును.

మన గ్రామముల బాటలపై మంచు లేకున్నను కంకర, దుమ్ము, పశువులు, పసిబిడ్డలు కలరు. మలుపులలో చూపునకు అడ్డమగు పొదలను కొట్టించుడనియు, ట్రాక్టర్లు, లారీలు నడుపువారికి ఈ సూత్రమును గ్రామసభలో తెలియజెప్పుడనియు మిమ్ము కోరుచున్నాము.