లాప్‌టాప్‌లో డిస్కు చెడినప్పుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వెనుకటి దినములలో గ్రామము లెక్కలన్నియు కరణముగారి కవిలెకట్టలో నుండెడివి. దానికి చెద పట్టకుండ, వాన తగులకుండ కాపాడుట ఆ యింటివారి బాధ్యత. 1984లో కరణముల వ్యవస్థ రద్దయినది. నేడు మన పంచాయతీ కార్యాలయములలో ఆ లెక్కలలో చాల భాగము లాప్‌టాప్‌లో నుండుచున్నది. దీనికి చెద పట్టదు. కాని దీనికి వచ్చు వ్యాధి వేరొకటి కలదు. ఆ వ్యాధిని గూర్చియు, దాని చికిత్సను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము వెళ్ళితిమి. ఆ గ్రామము పేరు ఇచట అనవసరము. కార్యాలయములో కార్యదర్శి దిగులుగా కూర్చుండియుండిరి. ఎదుట లాప్‌టాప్ తెరపై నల్లని నేల, దానిమీద రెండు వరుసల తెల్లని అక్షరములు మాత్రమే యున్నవి. రెండు వారములుగా యంత్రము తెరచుకొనుటకు పది నిమిషములు పట్టుచుండెనట. లోపలినుండి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చుచుండెనట. "పాతబడినది, అంతే" అని అందరును ఊరకుండిరి. తొమ్మిది దినములలో గ్రామసభ. ఇంటి పన్ను సవరణ కొరకు నలుబది దినములు వీధి వీధి తిరిగి తీసికొన్న ఇండ్ల కొలతలన్నియు ఆ యంత్రములోనే యున్నవి. కాగితముపై ఒక్క ముక్కయు లేదు.

అసలు లోపల నేమి జరుగుచున్నదో ముందు తెలిసికొందము. హార్డ్ డిస్కు అనగా అయస్కాంత పదార్థము పూసిన పళ్ళెములు గల పెట్టె. లాప్‌టాప్‌లలో ఈ పళ్ళెములు సాధారణముగా నిమిషమునకు 5,400 సార్లు తిరుగును. వాటిపై వ్రాయుచు చదువుచుండు చిన్న తలకాయ, పళ్ళెమును తాకకుండ, వెండ్రుక మందముకంటె ఎంతో తక్కువ ఎత్తున తేలియాడుచుండును. యంత్రము నడచుచున్నప్పుడు బల్లమీదనుండి ఎత్తి కుదిపినను, క్రింద పడవేసినను ఆ తలకాయ పళ్ళెమును గీరవచ్చును. మొదటి డిస్కు యంత్రమును ఐ.బి.యం. సంస్థ 1956లో తెచ్చినది. రెండడుగుల వెడల్పు గల 50 పళ్ళెములతో అది పట్టినది ఇంచుమించు 50 లక్షల అక్షరములు. నేడు అరచేతిలో నిముడు ఒక టెరాబైటు డిస్కు దానికి రెండు లక్షల రెట్లు పట్టును. పట్టునది పెరిగినకొలది, చెడినప్పుడు పోవునదియు పెరిగినది.

కావున మొదటి హెచ్చరిక: టిక్కు టిక్కుమను చప్పుడు, మాటిమాటికి ఆగిపోవుట, దస్త్రములు తెరచుకొనకపోవుట కనబడిన దినముననే వాటికి నకలు తీయవలెను. తిరుగుట మానిన డిస్కును మరల మరల నడిపి చూచుట మంచిది కాదు. లోపల గాయమున్నచో ప్రతి ప్రయత్నముతోను గాయము పెరుగును.

ఆ గ్రామములో ముందుగా లాప్‌టాప్‌ను ఆపివేయించితిమి. పట్టణములో ఒక మరమ్మతు దుకాణమువారు "ఫార్మాట్ చేసిన బాగుపడును" అని చెప్పిరట. ఫార్మాట్ అనగా పొలము బాగుచేయుట కాదు, పైరుతో సహా దున్నివేయుట. అట్లు చేయవలదని వారించితిమి. తరువాత డిస్కును ఊడదీసి, సాటా డిస్కును యు.ఎస్.బి.కి కలుపు తీగతో వేరొక కంప్యూటరునకు తగిలించిరి. వెంటనే ఆ కంప్యూటరు "ఈ డిస్కును ఫార్మాట్ చేయుదునా?" అని అడిగెను. ఈ ప్రశ్న మీకును ఎదురుపడవచ్చును. వద్దని నొక్కవలెను. పాత డిస్కుపై ఏమియు వ్రాయక, ఉన్నవాటిని మాత్రము అవతలకు నకలు తీయవలెను. పాత డిస్కు బిట్‌లాకర్ తాళముతో నున్నచో 48 అంకెల తాళపు సంఖ్య లేక అది తెరచుకొనదు. ఆ సంఖ్యను ముందే వ్రాసి బీరువాలో నుంచుకొనుడు.

పదునాలుగు వీధులలో పదకొండు వీధుల కొలతలు దొరికినవి. మూడు వీధులవి దొరకలేదు.

ఇక డిస్కు మార్చు విధము. యంత్రము హామీ గడువులో నున్నదో లేదో మొదట చూడుడు. ఉన్నచో తాముగా విప్పక మండల కార్యాలయము ద్వారా వ్రాయుడు. గడువు తీరినచో తీర్మానము చేసి, కొన్న సామగ్రిని నిల్వల రిజిస్టరులో నెక్కించి పనికి పూనుకొనుడు. పాత లాప్‌టాప్‌లలో రెండున్నర అంగుళముల సాటా డిస్కులు, కొత్తవాటిలో సన్నని బద్దవంటి ఎం.2 రకము ఉండును. కొన్నింటిలో డిస్కు పలకకే అతికియుండును. వాటిలో మార్చుటకు వీలులేదు. కొనుటకు ముందు పాతదానిపై చీటీని, మందమును చూడుడు. 9.5 మిల్లీమీటర్ల డిస్కు చోటులో 7 మిల్లీమీటర్లది ఇముడును గాని, 7 చోటులో 9.5 ఇమడదు. తిరుగు పళ్ళెములు లేని ఎస్.ఎస్.డి. రకమునే కొనుట మేలు. అది కుదుపునకు జంకదు, యంత్రము వేగముగా తెరచుకొనును. కాని అదియు చెడును. చప్పుడు చేయకయే చెడును. ఇది మరువవలదు.

విప్పునపుడు లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, బ్యాటరీని వేరుచేయవలెను. చేతులు తడి లేకుండ తుడుచుకొని, భూమికి తగిలియున్న ఇనుప వస్తువునొకదానిని తాకి, ఒంటిలోని స్థిర విద్యుత్తును వదలించుకొనవలెను. మరలు పొడవులో భేదించును. తీసిన వరుసలో పళ్ళెములో పేర్చి, ఫోనుతో ఫొటో తీయుడు. పొట్టి మర చోటున పొడవు మర బిగించిన పలక పగులవచ్చును. డిస్కును తిన్నగా వెనుకకు లాగి, దాని బిగింపు చట్టమును కొత్త డిస్కునకు తొడిగి, వచ్చిన దారినే తిరిగి నెట్టవలెను. బలము అక్కరలేదు.

కొత్త డిస్కు ఖాళీ పలకవంటిది. దానిపై ఆపరేటింగ్ సిస్టము ఎక్కించవలెను. వేరొక కంప్యూటరుపై మైక్రోసాఫ్ట్‌వారి స్థలమునుండి ఉచితముగా దిగుమతి చేసికొని, కనీసము 8 గిగాబైట్ల పెన్ డ్రైవుపై సిద్ధపరచవలెను. లాప్‌టాప్ తెరచు సమయమున ఎఫ్2 వంటి మీట నొక్కి, బయోస్‌లో కొత్త డిస్కు కనబడుచున్నదా అని చూచి, పెన్ డ్రైవునుండి నడిపింపవలెను. బయోస్‌లో కనబడకున్నచో మరల విప్పి, సరిగా కూర్చున్నదో లేదో చూడుడు. డిజిటల్ అనుమతి గల యంత్రములలో అనుమతి మదరుబోర్డునకు ముడిపడి యుండును. అట్టివారు అదే రకపు విండోసు ఎక్కించినచో మరల కొననక్కరలేదు. విండోసు 10కి ఉచిత సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున యంత్రమునకు తగినచో విండోసు 11ను, తగకున్నచో ఉచితమైన ఉబుంటు వంటి లినక్సును ఎంచుకొనవలెను. అయితే లినక్సు నెంచుటకు ముందు డిజిటల్ సంతకపు టోకెను దానిపై పనిచేయునా అని విచారింపుడు. పిదప ప్రింటరు, టోకెను, తెలుగు అక్షరముల సాధనములను మరల ఎక్కింపుడు.

డిస్కుతోబాటు ఏది పోవును, ఏది పోదు? సంతకపు తాళము టోకెనులో నుండును గనుక పోదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ వంటి వ్యవస్థలలో నెక్కించిన లెక్కలు సర్వరులో నుండును గనుక పోవు. పోవునవి చిత్తుప్రతులు, కొలతలు, ఫొటోలు, ఎవరో వచ్చి చెప్పగా కార్యదర్శి అప్పటికప్పుడు వ్రాసికొన్న మాటలు.

ఆ మూడు వీధులలో మరల కొలతలు తీయునపుడు మేమును వెంట నుంటిమి. ఒక ముసలమ్మ ఇంటివద్ద సభ్యులు టేపు పట్టుకొని నిలిచిరి. తన పశువుల పాకను ఇంటిలో కలిపి కొలిచిరని ఆమె రెండు నెలల క్రిందటనే కార్యాలయమునకు వచ్చి చెప్పుకొన్నది. దానిని లాప్‌టాప్‌లో వ్రాసికొనిరి. ఇప్పుడు దాని జాడ లేదు. ఆమె టేపును చూచి ఇట్లనినది: "ఆ రోజు కూలి మానుకుని వచ్చి చెప్పాను కదయ్యా. రాసుకున్నారు కూడా. మళ్ళీ మొదటికొచ్చారేం?"

దానికి మావద్ద బదులు లేకపోయెను. కొత్త డిస్కు బజారులో దొరకును. ఆమె మానుకొన్న కూలి, చెప్పిన మాటపై ఆమె యుంచిన నమ్మకము బజారులో దొరకవు.

పాత డిస్కును చెత్త సామానువానికి వేయరాదు. పైకి చచ్చినట్లున్నను, దానిలో మీ గ్రామస్థుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఉండవచ్చును. ఎవరును చదువలేకుండ దానిని ధ్వంసము చేయించి, నమోదైన ఈ-వ్యర్థముల సంస్థకు వ్రాతమూలకముగా అప్పగింపుడు. దీనికై 2022 నాటి ఈ-వ్యర్థముల నియమావళి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది.

చివరకు ఒక్క మాట. ముఖ్యమైన దస్త్రమునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేర్వేరు సాధనములపై నుండవలెను. వాటిలో ఒకటి కార్యాలయము వెలుపల నుండవలెను. ప్రతి శుక్రవారము సాయంకాలము విడి డిస్కునకు నకలు తీయించుడు. నెలకొకసారి ఆ నకలులో ఒక దస్త్రమును తెరచి చూపించుకొనుడు. తెరచుకొనని నకలు నకలు కాదు. ప్రజలు నోటితో చెప్పిన అభ్యంతరమును అప్పుడే కాగితముపై కూడ వ్రాసి సంతకమో వేలిముద్రయో తీసికొనుడు.

ఇవి కార్యదర్శి పనులే. కాని అడుగవలసినవారు మీరు. మీ తరువాతి సమావేశములో మొదటి ప్రశ్నగా "చివరి నకలు ఏ తేదీన తీసితిరి?" అని అడిగి, వచ్చిన బదులును మినిట్సు పుస్తకములో వ్రాయింపుడు. ఆ ఒక్క వరుస మీ గ్రామములో మరియొక ముసలమ్మకు ఒక దినపు కూలి మిగుల్చును.