మామిడాకుల కింద నారింజ రంగు
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నారని అడిగితే మనలో ఒకరు గుడి అంటారు, ఒకరు మనవలంటారు. నేను పురుగుల్ని పెంచుతున్నాను. నవ్వకండి, మా ఆవిడ ఇప్పటికే మీ అందరి వంతూ నవ్వేసింది.

మన నూజివీడు తోటల్లో రాలిన ఆకుల్ని కదిలిస్తే తడినేల మీద బూడిదరంగు చిన్న జీవులు కనిపిస్తాయి. ముట్టుకుంటే శనగగింజలా ఉండ చుట్టుకుంటాయి. రోకలిబండ కాదు. దానికి కాళ్ళు లెక్కకు అందవు, వీటికి ఏడు జతలే. ఐసోపాడ్ అంటారు. మనం పురుగంటాం గాని, ఇది రొయ్యకూ పీతకూ బంధువు. తల్లి గుడ్లను పొట్ట కింద సంచిలో మోస్తుంది. విదేశాల్లో వీటిని రంగురంగులుగా పెంచుతారని అమెరికాలో ఉన్న మనవడు చెప్పి, "తాతయ్యా, కొత్త రంగు దొరికితే చెప్పు" అన్నాడు.

మొదటి వర్షాకాలంలోనే నీలంగా మెరిసేదొకటి దొరికింది. ఊరంతా చెప్పుకున్నాను. తెచ్చి మిగతావాటితో కలిపి డబ్బాలో వేశాను. కొద్దివారాల్లో అది చచ్చిపోయింది. తర్వాత మరికొన్ని నీలంగా మారాయి, అవీ పోయాయి. మనవడు విచారించి చెప్పాడు: అది రంగు కాదు, ఇరిడోవైరస్ అనే జబ్బు. వైరస్ కణాలు ఒంట్లో వరుసలుగా పేరుకుని వెలుతురును నీలంగా తిప్పికొడతాయట. చచ్చినదాన్ని తిన్నవాటికి అంటుకుంటుందట. డబ్బా మొత్తం మరిగే నీళ్ళు పోసి పాతిపెట్టాను. ఆ పూట అన్నం సహించలేదు. జబ్బును చూసి మురిసిపోయి, మంచివాటిని నా చేత్తోనే దాని పక్కన పెట్టాను కదా!

మరుసటి ఏడు నారింజరంగు ఆడది ఒకటి దొరికింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. నెలరోజులు విడిగా ఉంచి చూశాను. ఆరోగ్యంగానే ఉంది, పిల్లల్నీ పెట్టింది. పిల్లలన్నీ బూడిదరంగే! తోటలో ముందే మగదానితో కలిసి ఉంటుంది. ఇవి ఆ బీజాన్ని దాచుకుని తర్వాత కూడా పిల్లల్ని పెట్టగలవు. నిరాశపడి పిల్లల్ని తోటలో వదిలేయబోయాను. కాని ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన చెయ్యి, రిజిస్టరు మూయకుండా పద్దు కొట్టెయ్యదు. ఉంచాను.

ఆ పిల్లలు పెరిగి వాటిలో వాటికి కలిశాక పుట్టినవాటిలో సుమారు నాలుగింట ఒకటి నారింజరంగు! 1866లో మెండెల్ బఠానీల గురించి అచ్చువేసిన లెక్క ఇదే. రంగు పిల్లల్లో పోలేదు, దాగింది. తండ్రిలో కనబడని తాత పోలిక మనవడిలో తేలినట్లు. నారింజకు నారింజను కలిపితే ఇక అన్నీ నారింజే. ఇంతకు రెండేళ్ళు పట్టింది.

మన రసాల టెంక పాతితే అదే రసం రాదని మీకు తెలుసు, అందుకే అంట్లు కడతాం. ఈ జీవాలకు అంటు లేదు. తరం తర్వాత తరం ఏరుకోవలసిందే. ఒకే కుటుంబంలో కలుపుతూపోతే బలం తగ్గుతుంది కనుక, మరో తోట నుంచి బూడిదరంగువి తెచ్చి మధ్యలో కలిపి, వాటి సంతతిలో మళ్ళీ నారింజను ఏరుతున్నాను.

పెంపకం తేలిక. కొబ్బరిపొట్టు, ఎండు మామిడాకులు, సున్నం కోసం కోడిగుడ్డు పెంకుల పొడి, డబ్బాలో ఒక పక్క తడి, ఒక పక్క పొడి. మందు కొట్టిన చెట్టు ఆకులు మాత్రం వెయ్యకండి. పూతకాలంలో తేనెమంచు పురుగుకు కొట్టే మందు వీటినీ వదలదు.

కావలసినవారు మా ఇంటికి రండి, పది చొప్పున ఇస్తాను. డబ్బు వద్దు. ఏడాది తర్వాత మీరు రాసిన లెక్కల పుస్తకం తెచ్చి చూపిస్తే చాలు. అందులో చచ్చినవి కూడా రాసి ఉండాలి.