ఎన్నికల వేళ మన ఊరి పంతులుగారు

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఎన్నికలు వచ్చినవనగానే రచ్చబండ వద్ద తప్పక వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు: "పంతులుగారూ, ఈసారి ఎవరికి వెయ్యమంటారు?" ఆయన విద్యయందు మీకు గల గౌరవమే ఆ ప్రశ్న అడిగించుచున్నది. కాని ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు దానికి సమాధానము చెప్పరాదు. ఏల చెప్పరాదో విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

1964వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలోని 19వ నియమము ఈ విషయమును నిర్దేశించుచున్నది. ప్రభుత్వోద్యోగి ఏ రాజకీయ పక్షమునందును సభ్యుడుగా నుండరాదు. దానికి చందా ఇయ్యరాదు. చట్టసభకుగాని, స్థానిక సంస్థకుగాని జరుగు ఎన్నికలో ఎవరి తరఫునను ప్రచారము చేయరాదు. కనుక పంచాయతీ ఎన్నికయైనను, పార్లమెంటు ఎన్నికయైనను కట్టుబాటు ఒక్కటియే. ఓటు హక్కు మాత్రము ఆయనకు సంపూర్ణముగా కలదు. అయితే తానెవరికి వేసినదియు, వేయబోవునదియు వెల్లడింపరాదు. మోటారు సైకిలుపై ఒక గుర్తు అంటించుకొన్నను, ఇంటి గోడపై వ్రాయించుకొన్నను అది పలుకుబడి నుపయోగించుటయే యగును. చేతిఫోనులో ఒక పక్షమువారి సందేశమును పదిమందికి పంపుట మాత్రము వేరగునా?

"ఆయన తమ్ముడే పోటీ చేయుచున్నచో?" అని మీరడుగవచ్చును. అప్పుడును మినహాయింపు లేదు. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము 134-ఏ విభాగము ప్రకారము, ప్రభుత్వోద్యోగి ఒక అభ్యర్థికి ఎన్నికల ఏజంటుగాగాని, పోలింగు ఏజంటుగాగాని, లెక్కింపు ఏజంటుగాగాని వ్యవహరించినచో మూడు మాసముల వరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఇంత కట్టుదిట్టమేల? పోలింగు నాడు ఓటింగు యంత్రము వద్ద విధులు నిర్వహించువారిలో అనేకులు ఉపాధ్యాయులే. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయులను ఇతర పనులకు నియోగింపరాదని చెప్పుచు, జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు అను మూడింటిని మాత్రమే మినహాయించినది. సామాన్యముగా ఎవరిని వారు పనిచేయు నియోజకవర్గమున నియమింపరు. మీ పంతులుగారు వేరొక ఊరికి పోవుదురు. మీరెరుగని పంతులుగారు మీ ఊరికి వత్తురు. ఆ విధులలో నున్నవారు ఒకరి ఓటును ప్రభావితము చేయజూచినచో ఆరు మాసముల వరకును, ఓటు రహస్యమును వెల్లడించినచో మూడు మాసముల వరకును ఖైదు కలదు.

నిన్నటి వరకు ఒక అభ్యర్థి వెంట తిరిగిన మనిషి నేడు యంత్రము ప్రక్కన కూర్చుండినచో, ఓడినవారు ఆ ఫలితమును నమ్ముదురా? ఎన్నిక ముగిసిన మరునాడు ఆయన తిరిగి బడికి రావలసినవాడే. ఆ తరగతిలో అన్ని పక్షముల ఇండ్ల పిల్లలును కూర్చుందురు. ఒక పిల్లవానికి మార్కులు తగ్గినచో, తండ్రి వేసిన ఓటే కారణమను అనుమానము పుట్టరాదు. పంతులుగారి మౌనము పిరికితనము కాదు. అది మీ ఓటునకును, మీ బిడ్డ చదువునకును రక్ష.

విధులపై పోవు ఉపాధ్యాయుడు తన ఓటును కోల్పోవలసిన పనిలేదు. ఫారం 12 ద్వారా దరఖాస్తు చేసి పోస్టల్ బ్యాలెట్ పొందవచ్చును. తాను ఓటరుగానున్న నియోజకవర్గములోనే విధి పడినచో, ఫారం 12-ఏ ద్వారా ధ్రువపత్రము పొంది, పనిచేయు పోలింగు కేంద్రముననే ఓటు వేయవచ్చును.

గ్రామ పెద్దలకు నా మనవి ఒకటి. పంతులుగారిని ప్రచార వేదిక నెక్కింపకుడు. మా వైపు రాకున్న బదిలీ చేయింతుమని బెదరింపకుడు. ఓటర్ల జాబితాలో పేరున్నదో లేదో చూచుట యెట్లు, ఏ గుర్తింపు పత్రము తీసికొని పోవలెను, యంత్రముపై మీట నొక్కుట యెట్లు అని అడుగుడు, సంతోషముతో చెప్పుదురు. ఎవరికి వేయవలెనన్న నిర్ణయము మాత్రము మీదే. అది ఆయన మీకు చెప్పకపోవుటయే ఆయన మీకు చేయు మేలు.

జై హింద్!