ఏకాక్షి, చతుర్నేత్రుడు, మన పిల్లలు



నరసరావుపేటలో జరుగుచున్న ఈ బాలసాహిత్య సభకు నన్ను అధ్యక్షునిగా కూర్చుండబెట్టిన ఆహ్వానసంఘమువారికి నమస్కరించి, ఉపచారవాక్యములతో కాలము గడపక వెంటనే విషయమున ప్రవేశించుచున్నాను. ఏలనన, నేటి చర్చనీయాంశమును గూర్చి పెద్దలు చెప్పవలసినది బహుళముగా నున్నట్లును, పిల్లలు చెప్పుటకు చివర పది నిమిషములైనను మిగులుట సందేహమే యైనట్లును కార్యక్రమపత్రము చూడగానే నాకు తోచినది.

చర్చనీయాంశము భయానకాద్భుత కథలు. మంత్రగాండ్రు, కపాలములు, పాడుపడిన గుడులు, నీటి క్రింది నగరములు, తెగిపడిన తలలు గల కథలను పిల్లల చేతికి ఇయ్యవచ్చునా, ఇచ్చినచో వారేమగుదురు, చదివినవారు వానిని గూర్చి ఏమనుకొనిరి అన్నది ప్రశ్న. తెలుగునాట ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారియు మన చూపు ఒక్కచోటికే పోవును. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసునుండి వెలువరింప నారంభించిన 'చందమామ'లో 1954వ సంవత్సరమున 'తోకచుక్క' అను ధారావాహిక మొదలైనది. దానిపై రచయిత పేరు లేదు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు అని ఒకదాని వెనుక నొకటిగా కథలు సాగిపోయినను, వానిని వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యముగారి పేరు అవి చదివి పెరిగిన లక్షలాది పిల్లలలో పలువురకు తల నెరసిన పిమ్మటగాని తెలియలేదు. 1952లో ఆ పత్రికలో చేరి అర్ధశతాబ్దికి మించి అందు పనిచేసిన ఆ మహనీయుడు 2010లో గతించెను.

'తోకచుక్క'లో ఏమున్నది? ఆకాశమున ధూమకేతువు కనబడును. కుండలినీ ద్వీపము భూకంపములతో వణకును. సమరసేనుడను సేనాని ఓడలతో బయలుదేరి మాంత్రికులు సంచరించు దీవిలో చిక్కుకొనును. అచ్చట ఒంటికన్ను ఏకాక్షి. అతనికి ప్రతిగా నాలుగు కన్నుల చతుర్నేత్రుడు, వాని గుడ్లగూబ, వాని నరవానరుడు. ఈ వాక్యములకు చిత్రకారుడు చిత్రాగారు గీసిన బొమ్మలు తోడుకాగా, కిరోసిను దీపము వెలుగులో పుట త్రిప్పిన బాలునకు వెనుక గోడపై తన నీడయే ఏకాక్షి నీడగా కనబడుటలో వింత యేమి?

ఈ కథలపై పెద్దల అభిప్రాయములు ఎన్నడును ఏకముఖముగా లేవు. చక్రపాణిగారికే ఈ మాంత్రిక కథలు అంతగా రుచింపలేదనియు, నడుమ వానిని నిలిపి బంకించంద్రుని నవల వేయించిరనియు, పాఠకులు ఊరకుండకపోగా దాసరివారి కథ మరల వచ్చెననియు ఆ కార్యాలయమును ఎఱిగినవారు చెప్పుకొనుమాట. ఇంతకంటె లోతైన ఆక్షేపణ హేతువాదులది. మంత్రములు పారునని, శాపములు తగులునని పసివానికి చెప్పినచో వానికి శాస్త్రదృష్టి ఎట్లు అలవడునని వారి ప్రశ్న. దీనిని నేను తేలికగా త్రోసివేయజాలను. కాని చందమామకు సంపాదకత్వము నెఱపిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెలుగులో హేతుదృష్టికి పట్టుకొమ్మయైన రచయిత. దాసరివారును దైవభక్తితో గాని మంత్రవిశ్వాసముతో గాని కలము పట్టినవారు కారు. వారిద్దరును తెనాలి గాలి పీల్చినవారు, మన పాత గుంటూరు జిల్లా బిడ్డలే. మంత్రమును నమ్మనివాడు మంత్రగానిని సృష్టించినప్పుడు ఆ మంత్రమునకు ఒక హద్దు, ఒక నియమము ఏర్పడును. ఏకాక్షి శక్తికి మేర యున్నది. వానిని ఉపాయముతో గెలువవచ్చును, మ్రొక్కుబడులతో కాదు. పిల్లవాడు ఈ సంగతి గ్రహించుటకు ఉపన్యాసము అక్కరలేదు.

నా సంగతి ఒకటి మనవి చేసెదను. 'శిథిలాలయము' వెలువడుచున్న కాలమున నేను చిన్న తరగతులలో నుంటిని. ఒకనాడు ఉపాధ్యాయుడొకరు నా ఒడిలోని సంచికను లాగికొని, ఇట్టివి చదివినచో రాత్రులు కలవరింతువని మందలించి, రెండు వారములు బీరువాలో దాచెను. కథ ఎచ్చట ఆగినదో అచ్చటనే నా మనస్సు నిలిచిపోయినది. ఆ రెండు వారములలో నేను కల్పించుకొన్న భూతము అచ్చులో నున్న భూతముకంటె పదిరెట్లు క్రూరమైనది; దానికి రూపము లేదు, తుది లేదు, దానిని చంపుటకు కత్తి లేదు. సంచిక తిరిగి చేతికి వచ్చి బొమ్మ చూచినప్పుడు నాకు గుండె నిబ్బరము కలిగినది. నాటినుండి నేడు వఱకు, పిల్లలను భయము నుండి కాపాడుటకై కథను దాచువారిని చూచినప్పుడెల్ల నాకు ఆ బీరువాయే జ్ఞప్తికి వచ్చుచుండును.

భయంకరమైన కథ పిల్లలను భీరువులను చేయదను విషయము పలనాటివారికి వేఱొకరు బోధింప నక్కరలేదు. ప్రతి కార్తీకమున అమావాస్య మొదలు అయిదు దినములు కారంపూడిలో నాగులేటి గట్టున జరుగు వీరుల పండుగకు మన పిల్లలు తండ్రుల భుజములపై నెక్కి పోవుచుందురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ అయిదు దినముల పేర్లు వారికి పాఠ్యపుస్తకమునకు ముందే వచ్చును. వీర విద్యావంతులు పాడుచుండగా వారు వినునది ఏమి? బొంగరము తగిలి నొచ్చిన స్త్రీ నిష్ఠురమాడగా పలనాటి యుద్ధవార్త తెలిసికొని, తల్లి వారించినను నిలువక కదనమునకు నడచిన బాలచంద్రుని కథ. తనను కాపాడనెంచి మిత్రుడైన బాలచంద్రుడు ఉపాయముతో వెనుకకు పంపగా, ఆ ఎడబాటు సహింపక ప్రాణము విడిచిన అనపోతు కథ. ఇంతకంటె చీకటి గల కథ ఏ మాంత్రికుని గుహలో నున్నది? ఆ కథ విని మన పిల్లలు భీరువులు కాలేదు. మఱునాడు వీధిలో కట్టెకత్తులు పట్టి, తామే బాలచంద్రులై, చచ్చి పడిపోయి, అమ్మ పిలువగానే లేచి అన్నమునకు పోవుచుందురు.

గురజాల ప్రాంతమున ఒక పల్లె పాఠశాలలో తెలుగు చెప్పుచున్న దినములలో, ప్రతి శనివారము చివరి గంటలో, బైండు చేయించిన పాత చందమామలనుండి 'తోకచుక్క'ను పిల్లలకు చదివి వినిపించితిని. 'ఇంకా ఉంది' అన్నచోట ఆపి పుస్తకము మూయుటయే నియమము. తొలినాళ్ళలో కొందఱు తల్లిదండ్రులు వచ్చి, పిల్లలు నిదురలో ఉలికిపడుచున్నారని చెప్పిరి. అట్లు ఉలికిపడిన బాలుని ఒకనిని పిలిచి, "భయమేసిందిరా?" అని అడిగితిని. "ఏసింది సార్," అన్నాడు. "మరి మానేద్దామా?" అంటిని. వాడు కంగారుపడి, "వద్దు సార్! అందుకేగా మా అన్న కాడికి పోయి మళ్ళీ చెప్పింది," అన్నాడు. ఆ కథను వాడు అన్నకు చెప్పెను, అన్న చెల్లికి చెప్పెను, వారమంతయు ఆ యింట చతుర్నేత్రుడు తరువాత ఏమిచేయునో అను తర్కము నడచినది. మఱియొక బాలిక తీర్పు నాకు ఇంకను విశేషముగా తోచినది: "ఒక్కదాన్నే చదివితే భయం సార్. సమరసేనుడి పక్కన మనుషులుంటారుగా, అప్పుడు పర్లేదు."

ఈ మాట విన్న తరువాతనే నేను దాసరివారి కథలను మరల చదివితిని. చదివి విస్మయపడితిని. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతమున ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరమున జయశీలుడు, సిద్ధసాధకుడు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. ఆ కథలలో చీకటిలోనికి పోవువాడు ఒంటరిగా పోవుట అరుదు. ఒకడు తొందరపడినచో ఒకడు వారించును; ఒకడు పడినచో ఒకడు చేయి ఇచ్చును. ఆ ఇద్దఱి నడుమ మూడవవాడుగా పిల్లవాడు నడచుచుండును. ఏ విమర్శకుడును నాకు చూపని ఈ రహస్యమును ఆ బాలిక ఒక్క వాక్యములో చూపినది. పిల్లల తీర్పు పెద్దల వెఱపునకు వేఱుగా నుండుట మనయందే కాదు. ఆంగ్లమున నీల్ గైమన్ అను రచయిత 2002లో 'కోరలైన్' అను నవల వ్రాసెను. కన్నులకు మారుగా గుండీలు కుట్టుకొన్న వేఱొక తల్లి ఒక బాలికకు ఎదురగు కథ అది. దానిని పిల్లలు సాహసకథగా చదువగా, పెద్దలకు పీడకలలు వచ్చెనని ఆ రచయితయే చెప్పెను. దేశము మాఱినను పఠితల తీర్పు ఇంతగా పోలియుండుట గమనింపదగినది.

అయితే ఈ కథలలో దోషమే లేదని నేను అనజాలను. మాచర్ల దాటి నల్లమల వైపు సాగినచో చెంచుగూడెములున్నవి. అచ్చటినుండి వచ్చి మా పాఠశాలలో చదివిన బాలుడొకడు, ఒక శనివారము కథ ముగిసిన పిమ్మట అందఱు పోవువఱకు నిలిచి, "అడవిలో ఉండేవాళ్ళు మనుషుల్ని తింటారని రాశారేంటి సార్?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు. ఏకాక్షి కపాలమును చూచి బెదరని ఆ బాలుడు ఆ ఒక్క మాటకు గాయపడినాడు. నరభక్షకులైన ఆటవికులు, చూడగానే వెఱపు గొల్పు నల్లని దేహములు, ఇవి ఆనాటి సాహసకథలలో పలుచోట్ల కనబడును. చందమామయు అందుకు వెలి కాదు. పిల్లలకు హాని చేయు చీకటి ఏదని నన్నడిగినచో, మాంత్రికుని గుహను నేను చూపను, దీనిని చూపుదును. ఒక జాతి బిడ్డ తన్ను తాను రాక్షసునిగా పుటలో చూచుకొనవలసి వచ్చుట కంటె క్రూరమైన మాయ లేదు. దాసరివారే శబరకుల యువకుడైన శిఖిముఖిని రాజకుమారునితో సరిసమానముగా, అతని ప్రాణమిత్రునిగా నిలిపిరి. ఆ బాలునకు నేను ఆ వేళ శిఖిముఖిని గూర్చి చెప్పలేకపోతిని. మఱుసటి శనివారమున 'తోకచుక్క'ను ప్రక్కనబెట్టి 'శిథిలాలయము' మొదలుపెట్టితిని. వాడు ముందు వరుసకు వచ్చి కూర్చుండెను.

స్త్రీపాత్రల లేమిని గూర్చి నేడు మాటలాడువారు పెక్కురున్నారు గనుక నేను ఆ జోలికి పోను. వారి ఆక్షేపణ న్యాయమైనది.

కడపట అధ్యక్షునిగా నాకు గల అధికారమును ఒక్కసారి వినియోగించుకొనెదను. కార్యక్రమపత్రమున భోజనానంతరము, అంతిమభాగమున, 'బాలపాఠకుల స్పందన' అని ఒక అంశమున్నది. దానిని ముందునకు తెచ్చుచున్నాను. పండితులు, విమర్శకులు, పరిశోధకులు నన్ను మన్నించి కొంతసేపు వినవలసినదిగా ప్రార్థన. వెనుక వరుసలో, చేతిలో అట్ట చినిగిన పుస్తకము పట్టుకొని, ఇందాకటినుండి లేచుచు కూర్చుండుచు నున్న ఎనిమిదవ తరగతి చిరంజీవిని వేదికపైకి పిలుచుచున్నాను. అమ్మా, రా. మైకు ఎత్తుగా ఉన్నది, ఎవరైన దానిని దించుడు.