పడమటిగది



మా యింటి పడమటిగదికి 1994వ సంవత్సరమున ముదురాకుపచ్చ చమురురంగు వేయించినవాడను నేనే. నాటికది నాకెంతయో అందముగా తోచెను. తోటలో కూర్చున్నట్లుండునని వచ్చినవారందఱికి చూపుచుంటిని. మా తల్లిగారు మాత్రము "గది చీకటియైనది, నాయనా" అనిరి. ఆ మాట నేను చెవిని బెట్టలేదు.

నిరుడు సందెవేళ ఆ గదిలోనే గడప కానరాక ఆమె పడిరి. ఎడమచేతి మణికట్టు విఱిగెను. ఆమెకిప్పుడు 84 ఏండ్లు.

నాటినుండి రెండు రంగులను పోల్చి చూడ మొదలిడితిని. క్రొత్తగా సున్నము కొట్టిన గోడ తనపై బడిన వెలుగు 100 పాళ్లలో సుమారు 80 పాళ్లు మరల గదిలోనికే పంపును. ముదురాకుపచ్చ గోడ పదిపదునైదు పాళ్లకు మించి పంపదు. తక్కినది తానే మ్రింగును. ముసలితనమున మఱియొక చిక్కు కలదు. కంటిపాప చిన్నదగును, లోపలి కటకము పసుపువాఱును. అందుచే 60 ఏండ్లవాని కంటిలోనికి చేరు వెలుగు, 20 ఏండ్లవానికి చేరుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. నా పచ్చని తోటలో ఆమె ఇన్నాళ్లు తడుముకొనుచు తిరిగినారన్నమాట.

తెలుపే నిశ్చయించితిని. ఐతే చమురురంగుపై సున్నము నిలువదు, పెచ్చులుగా రాలును. పాతరంగును అడుగు గచ్చు కనబడువఱకు గీకవలెను. ఆ కాలపు రంగులలో సీసము కలియుట కలదు. మన దేశమున దానికి కఠినమైన మితి అమలులోనికి వచ్చినది 2017లో. కావున పొడిగా గీకరాదు. నీట తడిపి గీకించి, ఆ మూడుదినములు పిల్లలను ఆ వంకకు రానీయలేదు. సున్నములో గంజి కలిపితిమి. లేనిచో గోడకానుకొన్నవారి వీపు తెల్లనగును.

పనివాడు ఉత్సాహముకొలది గడపకును, ద్వారబంధమునకును తెల్లరంగే పూసెను. నేలయు తెల్లని గచ్చే. గది వెలుగుతో నిండెను గాని, మా తల్లిగారు ద్వారముకడ నిలిచి, కాలితో తడవి, "గడప ఎక్కడున్నది, నాయనా?" అనిరి. వెలుగుతోపాటు అంచును తెలియవలెనని నాకప్పుడు తోచెను. మా నాయనమ్మ గోడల మొదట జానెడెత్తు జాజుపట్టె తీర్చుటను, గడపకు పసుపు పూయుటను నేను వట్టి అలంకారమనియే తలచియుంటిని.

జాజు తెప్పించి గోడల మొదట పట్టె తీర్పించితిని. గడపకు, ద్వారబంధమునకు నా ముదురాకుపచ్చనే వేయించితిని. ఇప్పుడు మా తల్లిగారు సందెవేళ ఆ పచ్చని గీటును చూచి, కాలెత్తి దాటుచున్నారు. సున్నము ఏటేట వేయవలెను. ఈయేటికి కుండలో నానవేసియున్నాను.