ఆకాశంలో ఇరుగుపొరుగు

(సంఘంవారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైన పిమ్మట మమ్ములను నాలుగు మాటలు చెప్పమన్నారు. మాకు తెలిసిన విద్య కూడా శ్రవణమే. అయితే మేము విన్నది పంచాంగాన్ని కాదు, ఆకాశాన్ని. యాభైయేండ్లకు పైగా మమ్ములను పట్టిన ఆ పిచ్చిపేరు ఔత్సాహిక రేడియో. లోకులు హామ్ రేడియో అంటారు.

రేడియో అనగానే పాటలూ వార్తలూ జ్ఞాపకం వస్తాయి. అక్కడ ఒకరు చెబుతారు, అందరూ వింటారు. ఇక్కడ వినేవాడే చెప్పేవాడు కూడా. ప్రభుత్వం పెట్టే పరీక్ష నెగ్గి లైసెన్సు పొందిన వారికి ఒక పిలుపుపేరు ఇస్తారు. మన దేశంలో చాలామందికి అది 'వీయూ2'తో మొదలవుతుంది. ఇందులో వ్యాపారం మాట్లాడరాదు, డబ్బు పుచ్చుకోరాదు. పలుకరింపే ఫలం.

1970 ప్రాంతంలో ఈ బెంగళూరులోనే మేము మొదలుపెట్టాము. సైన్యంవారు అమ్మివేసిన పాత సెట్లు అప్పుడు చవకగా దొరికేవి. కొబ్బరిచెట్టుకూ మేడకూ నడుమ రాగితీగ లాగితే అదే ఏరియల్. "బట్టలు ఆరవేసుకోవడానికైనా పనికి వస్తుందా?" అనేవారు మా నాన్నగారు. మా అమ్మ నిజంగానే ఒకనాడు ఆరవేసింది!

భూమికి చాలా ఎత్తున, సూర్యరశ్మివల్ల విద్యుదావేశం పొందిన పొరలు ఉన్నాయి. అవి షార్టువేవు తరంగాలను మళ్లీ భూమివైపు వంచి పంపుతాయి. సూర్యునిలో మచ్చలు హెచ్చిన ఏడు చిన్న సెట్టుకు కూడా ఖండాంతరాలు పలుకుతాయి. తగ్గిన ఏడు గొంతు చించుకున్నా పలికేవాడు ఉండడు. ఈ చక్రం సుమారు 11 ఏండ్లది. మాకు ఆదాయ వ్యయాలు ఇవే! పలికినవారు తపాలాలో ఒక కార్డు పంపడం ఆచారం. అట్టి కార్డులు గోడనిండా అంటించి, దేశాలు లెక్కపెట్టుకొని మురిసేవాళ్లము.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమానులో టెలిఫోన్లు మూగబోయాయి. ప్రపంచంలోని హామ్‌లను అక్కడినుండి పలుకరించడానికి శ్రీమతి భారతీ ప్రసాద్‌గారు ఆ నెలలోనే పోర్టుబ్లెయిరు వెళ్లి ఉన్నారు. ఆ వేడుక ఆపి, ఆమె బృందం క్షేమ సమాచారాలు అందించడం ప్రారంభించింది.

మా వీధిలో శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి, ఇండ్లలో వంటచేసి బ్రతికే ఒక తల్లి ఉండేది. ఆమె కొడుకు పోర్టుబ్లెయిరులో తాపీపని చేసేవాడు. రెండు రోజులు ఆమె మా సెట్టు ముందు నేలమీద కూర్చున్నది. మేము వంతు వచ్చినప్పుడు ఆ కుర్రవాని పేరు ఒక్కసారి చెప్పి, నోరు మూసుకొని విన్నాము. అట్టి వేళ దారి వదలడమే పెద్ద సాయం. మూడవనాడు చెన్నపట్నంలోని ఒక మిత్రుడు కబురు అందించాడు: కుర్రవాడు క్షేమం. ఆమె సెట్టుకు దండం పెట్టింది. మాకు సిగ్గు వేసింది. దేశాల లెక్క ఆనాటితో మానుకున్నాము.

"చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకు, తాతగారూ?" అని పిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఫోనుకు నడుమ స్తంభాలు నిలిచి ఉండాలి. మాకు తీగా, బ్యాటరీ చాలును. అంతేకాదు, ఫోనులో మనం ఎరిగినవారిని పిలుస్తాము. రేడియోలో 'సీక్యూ' అంటాము. 'ఎవరైనా సరే, పలకండి' అని దాని భావం.

మన తాతలు ఈ ఊరికి వచ్చిన కొత్తలో సంతలో తెలుగుమాట చెవిని పడితే, ముక్కూ మొగమూ ఎరుగని మనిషిని ఆపి "ఏ ఊరండీ మీది?" అని అడిగేవారు. అదే సీక్యూ! ఆ పలుకరింపులనుంచే ఈ సంఘం పుట్టింది.

మా చేతులు వణకడం మొదలయింది. సెట్లు మాత్రం బాగున్నవి. ప్రతి ఆదివారం సాయంకాలం మా మేడగది తలుపు తీసే ఉంటుంది. మీ పిల్లలను పంపండి. మొదట వినడం నేర్పుతాము, మాట్లాడడం తరువాత.

సెలవు తీసుకునేటప్పుడు హామ్‌లు '73' అంటారు. శుభాకాంక్షలని అర్థం. అందరికీ 73.