గిరీశము



నాయకుఁడు ధీరోదాత్తుఁడై యుండవలెనని లాక్షణికులు విధించిరి. ధీరత్వముగాని సత్యముగాని యెఱుఁగని యొక ధూర్తుఁడు నూఱేండ్లకుఁ బైగాఁ దెలుగువారి ముద్దుబిడ్డఁడై యున్నాఁడు. అతఁడే గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమందలి గిరీశము.

ఈ నాటకమును 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు తొలుత ప్రదర్శించిరి. 1897లో నది ముద్రితమయ్యెను. 1909లో కవి దానిని మిక్కిలి పెంచి తిరిగి వ్రాసెను. మన మెఱిఁగిన గిరీశము ఈ రెండవ కూర్పువాఁడు. కథకు మూలము మాత్రము కన్నీరు. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో శుల్కము గొని చేసిన వివాహముల లెక్క తీయింపఁగా, మూఁడేండ్లలో 1,034 తేలినవి. ఆ వధువులలో ఏడాది ప్రాయపు శిశువులును గలరు.

సంస్కృత రూపకములందు విటుఁ డను పాత్ర కలదు. ధనము పోఁగొట్టుకొనియు మాటనేర్పు మిగిలినవాఁడు, మృచ్ఛకటికమునఁ గాన్పించును. గిరీశమునకు ఆ పోలిక కొంత గలదు. అయినను ఇతఁడు సంస్కర్త వేషము ధరించినవాఁడు. నోటఁ జుట్టయు, నాలుకపై వితంతూద్వాహమును గలవాఁడు. అప్పులు మిగిల్చి, శిష్యుఁడైన వేంకటేశముతోఁ గృష్ణరాయపురాగ్రహారము చేరి, ఇంగ్లీషు మాటలతో నింటివారిని మురిపించి, తుదకు బుచ్చమ్మను లేవఁదీసికొని పోవును.

మా ప్రాంతపు జె.వి. సోదరులలో రమణమూర్తిగారు గిరీశముగను, సోమయాజులుగారు రామప్పపంతులుగను రంగస్థలమునఁ బ్రసిద్ధులైరి. 1955లో వచ్చిన చలనచిత్రమున నందమూరి తారకరామారావుగారు గిరీశమును ధరించిరి.

నేను బడిలో నీ నాటకమును జదివి వినిపించినపు డెల్లఁ దరగతి ఫక్కున నవ్వెడిది. ఒకనాఁ డొక బాలుఁడు లేచి, “పంతులుగారూ, అక్కడ సుబ్బిని ముసలాయనకి అమ్మేస్తుంటే, మనం గిరీశాన్ని చూసి నవ్వుతున్నామండీ. తప్పు కాదాండీ?” అని యడిగెను. అలంకారశాస్త్రము చదివిన నాకు ఉత్తరము తోఁచలేదు. మఱునాఁడు చెప్పితిని: “నవ్వుట తప్పుగాదు నాయనా; నవ్వులోఁ బడి సుబ్బిని మఱచుట తప్పు.”

నాటకాంతమున సౌజన్యారావు పంతులుగారు గిరీశముగుట్టు తెలిసికొని, బుచ్చమ్మకు వితంతు శరణాలయమున నాశ్రయము గల్పింప నిశ్చయింతురు. గిరీశ మే శిక్షయు లేక తొలఁగిపోవును. ధర్మము వల్లించుచుఁ దన పని చక్కఁబెట్టుకొను వాఁడు నేఁడును మన వీథులఁ దిరుగుచునే యున్నాఁడు. వానిఁ జూచి నవ్వుదము. కాని వాని మాటల చాటున నే సుబ్బి యేడ్చుచున్నదో యని యొకసారి చెవి యొగ్గుదము.